అచ్చాయమ్మ పిన్ని "బాగుంది" అన్న రోజు

నా బెండకాయ పులుసు తిని అచ్చాయమ్మ పిన్ని "బాగుందే అమ్మాయ్" అంది. ఆ శుక్రవారమే నాకు అనుమానం మొదలైంది.

పిన్ని ఇక్కడ కువైట్‌లోనే, జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. సెలవురోజున బ్నీద్ అల్ గార్‌లోని మా ఫ్లాటుకి వస్తుంది, భోంచేస్తుంది, వంకలు పెడుతుంది. ఆమె కుండబద్దలు కొట్టినట్టు చెబుతుందని మా కోనసీమవాళ్ళందరూ అంటారు. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. పగిలిన కుండ అతకదు, అనేసిన మాట వెనక్కి రాదు, అందుకే ఆ మాట పుట్టిందంటారు మావారు. పిన్ని లెక్క వేరు.

"సంతలో కుండని ఏలితో కొట్టి సూత్తారు కదే. మొగమాటపడి బీటున్నది తెచ్చుకుంటే పొయ్యి మీద పగిలిపోద్ది, కూరా పోద్ది. ఆ బద్దలయ్యేదేదో సంతలోనే అయితే నయం."

అలాంటి మనిషి వరసగా రెండు వారాలు మెచ్చుకుంది. మా చెల్లెలికి ఏదైనా పనికిమాలిన సంబంధం తెస్తోందా? నా మొహంలో పెద్ద జబ్బేదో కనబడి జాలిపడుతోందా?

మూడో శుక్రవారం పులుసులో ఉప్పు వేయలేదు.

"ఎలా ఉంది పిన్నీ?"

"అమృతమే."

"అందులో చిటికెడు ఉప్పు కూడా లేదు."

పిన్ని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"జొరమొచ్చి తగ్గాక నాలిక్కేమీ తెలవడం లేదే. మామాకి, అదే మా ఇంటి యజమానమ్మకి, తెలిసిందంటే ఖలాస్, ఇమానం ఎక్కించేత్తది. రేపు ఆల్లింటికి ముప్పై మంది సుట్టాలు."

సంచిలోంచి డబ్బా తీసింది. రేపటి విందుకి వండాల్సిన మచ్బూస్, అదే, వాళ్ళ మాంసం అన్నం. కొంచెం వండి తెచ్చింది. నేను తింటుంటే మొహం చూసి కనిపెడదామనుకుందట.

ఒక ముద్ద పెట్టుకున్నాను. ఉప్పు కషాయం. నోటికి అలవాటైన "బాగుంది" పెదాల దాకా వచ్చేసింది. నీళ్ళు తాగి దాన్ని మింగేశాను.

"నోట్లో పెట్టలేం పిన్నీ. ఉప్పు సగానికి సగం తగ్గించు. లవంగాలు కూడా ఎక్కువే."

పిన్ని కళ్ళు చిన్నవి చేసింది.

"నిజంగానేనా? ఇన్నేళ్ళ కసి తీర్చుకుంటన్నావా?"

"రెండూను."

"సర్లే. కిలో బియ్యానికి ఎన్ని చెంచాలో కొలిచి సూపించు."

నేను ఉప్పు డబ్బా తెచ్చి గిన్నెలోకి కొలుస్తుంటే, దొంగ తూకం పట్టుకోడానికొచ్చిన అధికారిలా రెప్ప వాల్చకుండా నా చేతినే చూస్తూ కూర్చుంది.