సునంద వంతు నిద్ర

ఫ్రేమ్ కట్టించాలి. వెనక కొక్కేలు బిగించాలి. బొమ్మను పాత దుప్పట్లో చుట్టి హైదరాబాద్ గ్యాలరీకి చేర్చడానికి ట్రాలీ ఆటో మాట్లాడాలి. పేరు చీటీ మీద ‘ఒంటరి’ అని రాయించాలి. ఆదివారం చర్చిలో అయ్యగారితో ప్రార్థన చేయించుకోవాలి. బొమ్మ సునందకు చూపించాలి.

ఏంజెలిన్ అన్నీ చేసింది, ఆఖరిది తప్ప.

చిట్కుల్‌లో వాళ్ల ఇంటి వెనకాల కంపెనీ పనివాళ్లకు కిరాయికిచ్చే వరస గదులున్నాయి. చివరి గదిలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక్క మంచం. సుల్తాన్‌పూర్ సిరంజీల కంపెనీకి పగలు పోయే సోమమ్మ రాత్రి దాని మీద పడుకుంటుంది. జిన్నారం దగ్గర మాత్రల కంపెనీలో రాత్రి డ్యూటీ చేసే సునంద పగలు పడుకుంటుంది. ఒకరు వచ్చే వేళకు ఒకరు పోతారు.

ఏంజెలిన్ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. చదివింది బొమ్మలు గీయడం. ఉన్నది ఉన్నట్టు గీయాలి, ఈ కాలపు మనిషి ఏకాకితనం అందులో కనబడాలి అని మాస్టర్లు చెప్పిన మాట ఆమెకు బైబిలు వాక్యమంత. ఆ చివరి గది కిటికీ, ఆ మంచం, దాని మీద సునంద ఉంటే ఇంకేం కావాలనుకుంది. కిటికీలోంచి వెలుతురు పగలే వస్తుంది.

“జెర కూసుంటవా చెల్లె? నీ బొమ్మ గీస్త.”

“నా బొమ్మనా? ఆధార్ కార్డుల నా మొహం నేనే గుర్తువట్టలేనక్కా,” అని నవ్వి, డ్యూటీ దిగి వచ్చిన సునంద మంచం అంచున కూర్చుంది.

కూర్చున్నాక ఊరుకోలేదు. నారాయణఖేడ్ దిక్కున తమ ఊరు, తమ్ముడి అల్లరి, బస్సులో పక్కన కూర్చునే ఒడియా పిల్ల నేర్పిన పాట, అన్నీ చెప్పుకుపోయింది. ఎన్నాళ్లుగా ఆగిన మాటలో అవి.

“మాట్లాడకు సునందా, మొహం కదుల్తది. కిటికీ దిక్కు సూడు.”

సునంద నోరు మూసుకుంది. బొమ్మ అయ్యేదాకా రోజూ పొద్దు వాలేవరకు అట్లాగే కూర్చుంది. సాయంత్రం సోమమ్మ వచ్చేది. ఇక మంచం ఆమెది. సునంద మొహం కడుక్కుని కంపెనీ బస్సు ఎక్కేది. ఆ పిల్ల కళ్లు గుంటలు పడుతుంటే ఏంజెలిన్ సంబరపడింది. తనకు కావలసిన చూపు దొరికిందనుకుంది.

గ్యాలరీలో ఆ బొమ్మ ముందు జనం ఆగిపోతున్నారు. పేపర్లోనూ వేశారు. ఏంజెలిన్ ఫోన్‌లో దాని ఫోటో పట్టుకొని చివరి గదికి పోయింది. ఆ రోజు సోమమ్మకు సెలవు. మంచం మీద ఎవరో కొత్త పిల్ల ముసుగుతన్ని పడుకుంది.

“సునంద లేదా సోమమ్మక్కా?”

“మెల్లగ. ఆ పిల్ల పండుకున్నది.” సోమమ్మ ఆమెను గడప బయటికి తీసుకొచ్చింది. “సునంద పోయి నెల దాటింది. కంపెనీల మాత్రలొచ్చే బెల్టు కాడ కునికిందట. కాంట్రాక్టర్ రేపటి సంది రాకుమన్నడు. ఇగ కిరాయి యాడికెల్లి కడ్తది? సంచి సదురుకొని పోయింది.”

“కునికిందా?”

“పగలు నువ్వు కూసోవెడ్తివి, రాత్రి కంపెనీ నిలవెట్టె. ఇగ ఎప్పుడు పండుకోవాలె?”

“నాకు చెప్తె అయిపోతుండె గదక్కా.”

“నేనన్న, చెప్పరాదె అని. ‘నా కాడికొచ్చి కూసునేది ఆ అక్క ఒక్కతే, చెప్తె మళ్ల రాదేమో’ అన్నది.”

ఏంజెలిన్‌కు తల కొట్టేసినట్టయింది. అక్కడే నిలబడి సునందకు ఫోన్ చేసింది. ఆ నంబరు పనిచేయడం లేదు.

మర్నాడు గ్యాలరీలో వెంకటేశ్వరరావు అనే పెద్దమనిషి, చాలా బొమ్మలు కొని ఇంట్లో పెట్టుకున్నవాడు, ఆమెను పిలిచాడు. “ఆ కళ్లల్లో అంత ఒంటరితనం ఎలా పట్టుకున్నావమ్మా?”

“అది ఒంటరితనం కాదు సార్, నిద్ర. ఆమెను నేను పడుకోనియ్యలేదు.”

ఆయన హాయిగా నవ్వాడు. “ఆర్టిస్టన్నాక ఆ మాత్రం మొండితనం ఉండాలి,” అని పక్కవాళ్లకు కూడా చెప్పాడు. వాళ్లూ నవ్వారు. ఇంకా చెప్పాలని ఏంజెలిన్ నోరు తెరిచింది. ఏం చెప్పినా బొమ్మకే పేరొచ్చేలా ఉంది.

ఆ బొమ్మ మీకు ఎక్కడైనా ఎదురుపడవచ్చు. అందులో మంచం అంచున కూర్చున్న పిల్ల పేరు సునంద. ఆమెకు మాట్లాడడం ఇష్టం. ఆ సంగతి బొమ్మలో కనబడదు కాబట్టి, మీరైనా గుర్తుపెట్టుకోండి.