మూసేసిన ఫిర్యాదు

ఉమాశ్రీ కొండాపూర్‌లో ఒక ఏడో అంతస్తు ఆఫీసులో పనిచేసేది. నల్లా రాకపోయినా, వీధిదీపం వెలగకపోయినా, డ్రైనేజీ పొంగినా నగరంలో జనం ఒక నంబరుకు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లు ఎత్తే నలభైమందిలో ఆమె ఒకరు. సర్కారు ఆ పనిని ఒక కాంట్రాక్టు కంపెనీకి అప్పగించింది. జనం చెప్పింది విని, ఫిర్యాదు రాసుకుని, ఆ ప్రాంతపు ఆఫీసుకు పంపడం వరకే ఈ నలభైమంది పని. 'పని పూర్తయింది' అంటూ అక్కణ్ణించి ఒక ఫొటో వస్తే ఫిర్యాదు మూసేయాలి. రెండు రోజుల్లో మూయకపోతే టీమ్ లీడరు సురేంద్రకు పైనుంచి చీవాట్లు పడేవి.

చంద్రయ్య అనే పెద్దాయన ఏప్రిల్‌లో మొదటిసారి ఫోన్ చేశాడు. గచ్చిబౌలిలో పెద్ద పెద్ద ఐటీ కంపెనీల వెనక శివగంగ కాలనీ. అక్కడ సర్కారు బడి పక్క సందులో ఆయనకు ఇస్త్రీ బండి ఉంది. బడి గేటుకు పదడుగుల దూరంలో మ్యాన్‌హోల్ మూత విరిగి లోపల పడిపోయిందని, పిల్లలు తిరిగే చోటని చెప్పాడు. రెండో రోజున కొత్త మూత బిగించిన ఫొటో వచ్చింది. ఉమాశ్రీ ఫిర్యాదు మూసేసింది.

వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. పాత ఫిర్యాదు నంబరు చెబితే మొదట రాసుకున్నవాళ్లకే కలుపుతారు.

"ఎవ్వలు రాలే బిడ్డా. పొద్దుగాల ఏడింటికెల్లి చీకటి పడేదాంక నేను గీడనే ఉంట. వస్తే నాకు కనబడరా?"

మళ్లీ రాసింది. మళ్లీ ఫొటో వచ్చింది. నాలుగోసారి ఆమెకు అనుమానమొచ్చి ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. అన్నిటిలోనూ ఒకటే మూత, దాని అంచున ఒకటే పసుపు రంగు మరక, పక్కన తెగిపోయిన ఒకటే చెప్పు. సురేంద్రను పిలిచి చూపించింది. ఆయన వాటిని పెద్దవి చేసి చూశాడు.

"ఫొటో వస్తే క్లోజ్ చెయ్యమన్నారు ఉమా. అది యాడ తీసిన ఫొటో అని అడగమని మనకెవరూ చెప్పలేదు కదా."

సురేంద్ర చెడ్డవాడేమీ కాదు. నంద్యాల నుంచి వచ్చి, ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటూ, ఎప్పుడు ఉద్యోగం పోతుందోనని బిక్కుబిక్కుమంటూ బతికేవాడు. ఉమాశ్రీ కూడా అంతే. ఆ ఫిర్యాదు మూసేసింది. ఆ తర్వాత ఇంకో ఏడుసార్లు మూసింది.

పన్నెండో ఫోన్ జూలైలో ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. అప్పటికి గంటన్నరగా కుంభవృష్టి.

"నేను చంద్రయ్యను బిడ్డా, ఇస్త్రీ బండి చంద్రయ్యను." వాన హోరులో ఆయన గొంతు పలచగా వినిపించింది. "మోకాళ్ల మీదికి నీళ్లొచ్చినయ్. బొంద కనబడ్తలేదు. గుర్తుకని పెట్టిన టైరు కొట్టుకపోయింది. నేనే ఒక కుర్సీ పట్టుకొని దాని పక్కన నిలబడ్డ. నాలుగింటికి బడి ఇడుస్తరు. జర ఎవలనన్న పంపియ్యి."

"బాబాయి గారూ, మీరు ముందు అక్కణ్ణించి పక్కకి వచ్చేయండి."

"నేనొస్తే పోరగాళ్లకు ఎవలు చెప్తరు? నీళ్లు గుంజుతున్నయ్ బిడ్డా, కాళ్లు ఆగుత..."

ఏదో తాకిన చప్పుడు. తర్వాత నీళ్ల గుడగుడ. ఫోన్ తెగిపోయింది.

ఉమాశ్రీ తిరిగి చేసింది. స్విచ్ ఆఫ్. మళ్లీ చేసింది, మళ్లీ అదే. ఆ ప్రాంతపు ఇంజనీరుకు చేస్తే రింగవుతోంది గానీ ఎత్తలేదు. వానల కోసం పెట్టిన ప్రత్యేక బృందం నంబరు బిజీ. పోలీసులు ఎత్తారు. "అన్ని రోడ్లూ నీళ్లేనమ్మా, బండి కదలట్లేదు. రాసుకున్నాం," అన్నారు. రాసుకోవడం అంటే ఏమిటో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు. ఫిర్యాదు మీద 'అత్యవసరం' అని గుర్తు పెట్టింది. రెండు రోజుల్లో పరిష్కరిస్తామని తెర బదులిచ్చింది.

చెవిలో ఆ గుడగుడ ఆగలేదు. లేచి బ్యాగు తీసుకుంది.

"యాడికి?" అన్నాడు సురేంద్ర.

"ఆయన అందులో పడిపోయారేమోనండి."

"ఫోన్ తడిసి కట్ అయిండొచ్చు ఉమా."

"అయ్యుండొచ్చండి." ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. "కాకపోతే?"

ఆమె మెట్లు దిగింది.

ఆటో ఒక కిలోమీటరు కూడా పోలేదు. ముందంతా ఆఫీసు బస్సులు, కార్లు, క్యాబులు ఒకదాని వెనకొకటి నిలబడిపోయాయి. దిగి నడక మొదలుపెట్టింది. టీ రంగు నీళ్లు పిక్కల దాకా, కొన్నిచోట్ల మోకాళ్ల దాకా ఉన్నాయి. ల్యాప్‌టాప్ బ్యాగులు నెత్తిన పెట్టుకుని, ప్యాంట్లు మడుచుకుని, నవ్వుకుంటూ, వీడియోలు తీసుకుంటూ జనం నడుస్తున్నారు. వాళ్లకది వట్టి నీళ్లు.

ఉమాశ్రీకి కాదు. ఆ రోడ్డు పొడుగునా ఎక్కడ ఏముందో ఆమె మనసులో వరసగా ఉంది. బేకరీ ముందు మూత పగిలింది, పరిష్కారమైంది. బస్‌స్టాప్ వెనక కాలవ మీది ఇనప జాలీ ఎవరో ఎత్తుకెళ్లారు, పరిష్కారమైంది. మందుల షాపు పక్క స్తంభం ముట్టుకుంటే షాక్ కొడుతోంది, పరిష్కారమైంది. అన్నీ ఈ చేత్తో నొక్కినవే. ఏది నిజంగా బాగయిందో, ఏది కాలేదో ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది. డివైడర్ రాళ్లు పట్టుకుని, ఒక కాలితో ముందు తడిమి, నేల తగిలాకే రెండో కాలు వేస్తూ పోయింది.

ముందు ఒకామె గొడుగు పట్టుకుని బేకరీ వైపు తిరిగింది.

"అటు వెళ్లకండి," అంది ఉమాశ్రీ. "అక్కడ గొయ్యి ఉంది."

"మీకెలా తెలుసండీ? ఏం కనబడట్లేదుగా."

ఉమాశ్రీ డివైడర్ వైపు చెయ్యి చాపింది. ఆ గొడుగామె ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి, డివైడర్ దగ్గరికి వచ్చేసింది.

శివగంగ కాలనీ చేరేసరికి నాలుగుకు పది నిమిషాలు. సందులో నీళ్లు తొడల దాకా ఉన్నాయి. ఇస్త్రీ బండి ఒక పక్కకు ఒరిగిపోయింది. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తలకిందులుగా తేలుతూ బడి గోడకు కొట్టుకుంటోంది. మనిషి జాడ లేదు. గేటుకు కాస్త ఇవతల, ఒకచోట మాత్రం, నీళ్లు పళ్లెమంత మేర గిర్రున తిరుగుతూ లోపలికి పోతున్నాయి. అందులో ఒక ఎండుటాకు రెండు చుట్లు తిరిగి మాయమైంది.

"బాబాయి గారూ," అని ఉమాశ్రీ గట్టిగా కేకేసింది. పన్నెండుసార్లు, అనుకుంది. పన్నెండుసార్లు నాకు చెప్పాడు.

"మేడమ్, ఆడనే ఆగుండ్రి. ముందుకు రాకుండ్రి."

ఎదుటి హాస్టల్ మెట్ల మీద డెలివరీ కంపెనీ వానకోటు వేసుకున్న ఒకతను చెయ్యెత్తి ఉన్నాడు. అతని పక్కన, తడిసిన పంచెతో, గోడకు ఆనుకుని ఒక బక్కపలచని ముసలాయన. కుడికాలు మోకాలి కింద వంకరగా ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి గానీ కళ్లు తెరిచే ఉన్నాయి.

"చంద్రయ్య గారేనా?" అందామె.

ముసలాయన తల తిప్పాడు. మొహం ఎరగడు గానీ గొంతు గుర్తుపట్టాడు. "ఫోన్ల మాట్లాడే బిడ్డవా? నువ్వొచ్చినవా?" ఆమె వెనక సందు మొదటి దాకా చూశాడు. "ఇంకెవలు రాలేదా?"

"లేదండి."

డెలివరీ అతని పేరు శ్యామ్. బండి ఆగిపోయి తోసుకుంటూ వస్తుంటే కుర్చీని పట్టుకున్న రెండు చేతులు మాత్రం కనిపించాయట. "ఛాతీ దాంక పోయిండు మేడమ్. కుర్సీ అడ్డం పడ్డది కాబట్టి ఆగిండు. గుంజేటప్పుడు కాలు లోపల ఇరుక్కున్నది." చెబుతుంటే అతని పళ్లు కటకటలాడుతున్నాయి.

అప్పుడే బడి గంట మోగింది. సందు అవతలి కొసనుంచి కొంగులు దోపుకుని తల్లులు నీళ్లలో దిగి వస్తున్నారు. గేటు దగ్గర పంతులమ్మ గడియ తీస్తోంది. ఆ గుండ్రంగా తిరిగే నీళ్లు వాళ్లెవరికీ కనబడవు.

ఆలోచించే వ్యవధి లేదు. ఉతికిన దుప్పట్ల మూట ఇస్త్రీ బండి మీదే ఉంది. శ్యామ్ నాలుగు దుప్పట్లు ముడివేసి ఒక కొస గేటు కమ్మీకి, ఇంకో కొస హాస్టల్ మెట్ల కమ్మీకి బిగించాడు. దాన్ని పట్టుకుని రమ్మని తల్లులకు కేకేశాడు. గొయ్యి వైపు ఎవరూ జారిపోకుండా అక్కడ ఒక మనిషి నిలబడాలి. శ్యామ్ పిల్లల్ని ఎత్తుకుని దాటించాలి. ఇక మిగిలింది ఉమాశ్రీ.

గొయ్యికి వీపు పెట్టి, దుప్పటిని మణికట్టుకు చుట్టుకుని, చేతులు చాపి నిలబడింది. వెనకనుంచి నీళ్లు పిక్కల్ని పట్టి లాగుతున్నాయి. కాళ్ల కింద ఇసుక కొద్దికొద్దిగా జారిపోవడం తెలుస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే పడిపోతానని చూడలేదు. ఒక్కొక్క పిల్లా ఆమె ముందునుంచి పోతుంటే లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్పై దాటాక లెక్క తప్పింది.

తల్లి చంకలో ఉన్న ఒక చిన్నపిల్ల ఆమె మొహంలోకి వంగి చూసింది. "ఆంటీ, నువ్వెందుకు వణుకుతున్నవ్?"

"చలేస్తోందమ్మా."

ఆఖరి పిల్ల దాటేసరికి ఐదు కావచ్చింది. ఆమె మణికట్టు నుంచి దుప్పటి ముడి శ్యామ్ విప్పాల్సి వచ్చింది. వేళ్లు తెరుచుకోలేదు.

చంద్రయ్యను సర్కారు దవాఖానాలో చేర్చారు. రెండుచోట్ల ఎముక విరిగింది. శుక్రవారం ఉమాశ్రీ ఆఫీసుకెళ్లి కంప్యూటర్ తెరిచేసరికి పన్నెండో ఫిర్యాదుకు జవాబు వచ్చి ఉంది. మూత, పసుపు మరక, తెగిన చెప్పు. కింద 'మూయండి' అన్న బొత్తం.

ఆమె దాన్ని నొక్కలేదు. 'మూత లేదు. నిన్న ఆ గొయ్యి పక్కన గంటసేపు నిలబడ్డాను. ఒక మనిషి అందులో పడ్డాడు' అని రాసి, పన్నెండు ఫొటోలూ జతచేసి, తనకు తెలిసిన అధికారులందరికీ పంపింది. సోమవారానికల్లా శివగంగ కాలనీలో నిజంగానే మూత పడింది. ఆ తర్వాతి వారం, చెప్పకుండా సీటు వదిలినందుకని, ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ ప్రాంతపు ఆఫీసు నుంచి ఆ దొంగ ఫొటోలు ఎవరు పంపారని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంట్లో ఉంటే భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. కూకట్‌పల్లిలో కూరగాయలకు వెళ్లినా కళ్లు నేలమీదే ఉండేవి. వానపడితే తమ్ముడు ఇల్లు చేరేదాకా గుమ్మంలోనే కూర్చునేది.

ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం సురేంద్ర ఫోన్ చేశాడు. "నా ఐడీ మీద క్లోజ్ అయినవి తీసి చూసినాను ఉమా. మూతలవి మాత్రమే. మా పిల్లల బడి దారిలోనే మూడుండాయి. నేను మూసినవే."

ఉమాశ్రీ అంది: "రేపు సెలవేగా. వెళ్లి చూద్దామండి, ఒక్కొక్కటీ."

ఆదివారం పొద్దున్న ఎండ కాస్తుండగా బయల్దేరారు. ఇద్దరి దగ్గరా కర్రలు, ఎర్రగుడ్డ పేలికలు ఉన్నాయి. మొదటి నాలుగుచోట్లా మూతలు లేవు. కర్ర పాతి, గుడ్డ కట్టి, ఫొటో తీసుకున్నారు. ఐదోచోట మూత ఉంది, కొత్తది. సురేంద్ర నమ్మలేనట్టు దాన్ని కాలితో తట్టాడు. తర్వాత రెండు కాళ్లూ దానిమీద పెట్టి నిలబడ్డాడు.

మూత కదల్లేదు. అయినా ఉమాశ్రీ ఆయన బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకునే ఉంది.