మిక్సరుకు లేసు ముసుగు

చేతి బీటరు కాలిన వాసన వంటింట్లో ఇంకా ఉందని సంపూర్ణమ్మ అనుమానం. పొద్దున్న లేవగానే గోడకున్న ప్లగ్గు దగ్గర ముక్కు పెట్టి చూస్తుంది. ఏమీ ఉండదు. అయినా స్విచ్చి ఆపి ఉందో లేదో చూస్తుంది. తడిచేతులు కొంగుకి తుడుచుకుని ఇంకోసారి చూస్తుంది.

ఆ రోజు కూతురు ప్రిస్కిల్లా వెన్నా పంచదారా గిలక్కొడుతుంటే బీటర్లోంచి సన్నగా పొగ లేచింది. పిల్ల చేతికేమీ కాలేదు. కాలి ఉంటే? అన్న ఆలోచన మాత్రం తల్లిని పట్టుకుని వదల్లేదు.

నరసాపురంలో వాళ్ళిద్దరే ఉంటారు. భర్త పోయాక సంపూర్ణమ్మ లేసు అల్లి పిల్లని చదివించింది. ప్రిస్కిల్లా ఇప్పుడు ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతోంది. చర్చిలో స్త్రీల సమాజం నడిపే హెలెన్ గారు కొడుకు పెళ్ళికి మూడంతస్తుల కేకు ప్రిస్కిల్లాకే అప్పజెప్పారు. ఆ కేకు బాగుంటే చర్చిలో ఇంక ప్రతి పెళ్ళి కేకూ ఇక్కడికే వస్తుంది. చెడితే ఒక్కటీ రాదు.

"ఈసారి స్టాండు మిక్సరు కొనేద్దామమ్మా. చేత్తో పట్టుకునే పనే ఉండదు. దాని మానాన అది తిరుగుద్ది."

"మనిషి పట్టుకోకుండానా? మరెక్కడ ఆగుద్దే?"

"స్విచ్చి దగ్గర ఆగుద్ది."

"కరెంటు పోయి ఠక్కున వచ్చిందనుకో. నువ్వు అప్పుడే గిన్నెలో చెయ్యి పెట్టుంటావు..."

"అమ్మా, నువ్వు షాపుకి రావద్దు."

వెళ్ళింది. వెళ్ళకుండా ఇంట్లో కూర్చోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

షాపు బుల్లబ్బాయి మూడు మిక్సర్లు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. ప్రిస్కిల్లా చూపు ఎర్రదాని మీద పడింది. పెద్ద గిన్నె, డబ్బా మీద అన్నిటికన్నా పెద్ద వాట్ల అంకె, అందుబాటు ధర.

"అంకె చూసి మోజు పడకండమ్మా," అన్నాడు బుల్లబ్బాయి. "కరెంటు ఎంత తాగుద్దో చెప్పుద్దది. పిండి ఎంత బాగా కలుపుద్దో చెప్పదు."

స్విచ్చి వేసేసరికి ఎర్రది వణికిపోతూ బల్ల అంచు దాకా జరిగింది. సంపూర్ణమ్మ కూతుర్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"చూశావా, నడిచొచ్చేత్తంది!"

"ఎంత నడిచినా గుమ్మం దాటదులెండి సంపూర్ణమ్మగారూ, వైరుందిగా."

రెండోది తెల్లది. పేరున్న కంపెనీ. తిరుగుతున్నా బల్ల మీద రాయిలా కదలకుండా ఉంది. ధర వినగానే తల్లీకూతుళ్ళు చెరో పక్కకీ చూశారు.

మూడోది బూడిదరంగు. గిన్నె చిన్నదే గానీ మనిషి గట్టిగా తోస్తే తప్ప కదలనంత బరువు. తిరుగుతుండగా దాని తలకాయ పైకెత్తితే టక్కున ఆగిపోతుంది. మరమ్మతుకి పాలకొల్లులో మనిషున్నాడు. సంపూర్ణమ్మ ఆ తలకాయ ఎత్తించింది, దించించింది, మళ్ళీ ఎత్తించింది.

"ఇదే," అంది.

"గిన్నె చాలదమ్మా. పెద్ద కేకుకి రెండు మూడు వాయిలు కలపాలి."

"కలుపు. పది వేళ్ళూ ఉంటే ఎన్ని వాయిలైనా కలుపుకోవచ్చు."

ప్రిస్కిల్లా ఎర్ర మిక్సరు వంక ఒకసారి చూసి, "సరే, నీ మాటే కానీ," అంది. "ఇదీ పాడయ్యిందో, నేనింక కేకుల జోలికి పోను. భీమవరంలో బట్టల షాపు వాళ్ళు రమ్మంటున్నారు. రోజూ బస్సెక్కి పోతా."

సంపూర్ణమ్మ కళ్ళముందు బస్సు వచ్చి నిలబడింది. చీకటి పడ్డా రాని బస్సు. ఆటోలో ఇంటిదాకా మిక్సరుని ఒళ్ళోంచి దించలేదు.

ఇంటికొచ్చి తుడుస్తుంటే వెనకవైపు సన్నటి గాట్లు కనబడ్డాయి. మైదా గాల్లోకి లేస్తుంది. ఆ సందుల్లోంచి లోపలికి పోతుంది. లోపల కరెంటు. పైగా బొద్దింకలు! ఆ ఇంట్లో టీవీకి లేసు ముసుగుంది, ఫ్రిజ్జుకుంది, మంచినీళ్ళ బిందెకీ ఉంది. మిక్సరుకి మాత్రం ఎందుకుండకూడదు? దారపుండ తీసి మొదలెట్టింది. మనసు కుదురుగా లేనప్పుడు ఆవిడ చెయ్యి బిగుస్తుంది. ముడికీ ముడికీ మధ్య చీమ దూరే సందు లేకుండా అల్లి, అదీ చాలదన్నట్టు లోపల పాత నూలు చీర ముక్క వేసి కుట్టేసింది.

"బాప్తిస్మం గౌనులా ఉందే!" అని ప్రిస్కిల్లా పకపకా నవ్వింది. "వాడేటప్పుడు తీసెయ్యనా?"

"వాడేటప్పుడేగా పిండి లేచేది! ఉంచు."

వాదించేకన్నా ఉంచడమే తేలికని పిల్ల ఊరుకుంది. చిన్న చిన్న కేకులకి మిక్సరు ఏ పేచీ పెట్టలేదు.

పెళ్ళి రేపనగా పెద్ద కేకు మొదలుపెట్టింది. రెండో వాయిలో వెన్న తెల్లబడుతుండగా మిక్సరు మూలిగి ఆగిపోయింది. ముట్టుకుంటే కాలింది. చల్లారాక వేస్తే కొంచెం తిరిగి మళ్ళీ ఆగింది. సరిగ్గా అప్పుడే హెలెన్ గారి ఫోను.

"ఎంతవరకొచ్చిందమ్మా? చెయ్యలేనంటే ఇప్పుడే చెప్పెయ్యి, మొహమాటం లేదు. రాజమండ్రి నుంచి తెప్పించుకుంటాం."

"ఆయ్, చేత్తన్నానండి," అంది ప్రిస్కిల్లా. ఫోను పెట్టేసింది. గిన్నె పక్కకి జరిపి, "షాపులో చూపిద్దాం. అక్కడా తిరక్కపోతే భీమవరం వాళ్ళకి ఫోను చేసేత్తాను," అంది.

దానికన్నా తిట్టినా బాగుండేదనుకుంది తల్లి. షాపులో నూనె మరకలంటుతాయని సంపూర్ణమ్మ ముసుగు విప్పి ఇంట్లో పెట్టింది. దారిపొడుగునా ప్రార్థన చేస్తూనే ఉంది. మధ్యమధ్యలో ఆటో అబ్బాయిని నెమ్మదిగా పొమ్మనీ, తొందరగా పొమ్మనీ చెప్పింది.

బుల్లబ్బాయి గోధుమపిండి ముద్ద వేసి తిప్పాడు. మిక్సరు ఆగలేదు. ఇంకా నీళ్ళు తగ్గించి గట్టిపిండి చేసి తిప్పాడు. అయినా ఆగలేదు.

"నా దగ్గర బుద్ధిగానే ఉందండి. మీ ఇంట్లో ఎవర్ని చూసి బెదురుతుందో మరి!"

సంపూర్ణమ్మ కాలుతుందేమో చూద్దామని వెనక అరచెయ్యి పెట్టింది. గాట్లలోంచి వెచ్చటి గాలి చేతికి కొడుతోంది.

"ఇదేంటండీ, ఊపిరొదులుతుంది?"

"లోపలి వేడి బయటికి పోవద్దాండీ మరి?"

ఆవిడ చెయ్యి తీసేసుకుంది. "పదవే, పొద్దుపోతుంది," అని కూతుర్ని తొందరపెట్టింది.

ఇంటికొచ్చి ప్రిస్కిల్లా అలవాటుగా ముసుగు అందుకోబోయింది. సంపూర్ణమ్మ దాన్ని లాక్కుని, కత్తెర తీసి, వెనకభాగం అడ్డంగా కత్తిరించేసింది. అల్లిన లేసుని కత్తిరించడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. తెగిన చోటల్లా దారాలు ఊడి వేలాడాయి.

"అమ్మా! ఏంటా పని?"

"దానికి ఊపిరాడక చత్తందే. నేనే మూసేశాను."

ప్రిస్కిల్లా ముసుగుని చూసింది, మిక్సరు వెనక్కి వంగి గాట్లని చూసింది. నెత్తి మీద మొట్టుకుంది. "మరి షాపులో చెప్పలేదేం?"

"ఆ బుల్లబ్బాయికి చెప్తే ఊరంతా చెప్తాడు."

మిక్సరు తిరిగింది. వాయి తర్వాత వాయి, వెన్న మల్లెపువ్వులా తెల్లబడింది. సంపూర్ణమ్మ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఊడిన దారం ఉండ చుట్టి, చేప దూరేంత గళ్ళతో కొత్త ముసుగు మొదలెట్టింది. అల్లుతూ అల్లుతూ ఆపి, వెనక చెయ్యి పెట్టి గాలి వస్తుందో లేదో చూసుకుంటోంది.

"భీమవరం వాళ్ళకి ఫోను చెయ్యలేదుగా?"

"చేతుల నిండా వెన్న. ఎలా చేత్తాను?"

సంపూర్ణమ్మ ఊపిరి పీల్చుకుంది. మరో వరస అల్లేలోపే తలెత్తింది.

"ఒసే, రేపు కేకు ఆటోలోనేగా పట్టుకెళ్ళేది? మరి రైలుగేటు దగ్గర ఆ గోతుల మాటేంటి?"