తలకిందులైన చేట

నేను ఒక రేకుముక్కను. నిజం చెప్పాలంటే నా గొప్పంతా రేకులో లేదు, అందులో కోసేసిన ఖాళీలో ఉంది. నన్ను గోనెసంచి మీద పెట్టి నీలిరంగు కుంచెతో రాస్తే, నేను లేనిచోటే బొమ్మ పడుతుంది.

పుట్టింది మండపేటలో, కాలవగట్టున దావూదు మేస్త్రి రేకుల కొట్టులో. అంతకుముందు జన్మలో కిరసనాయిలు డబ్బాను. ఆ వాసన ఇప్పటికీ వానాకాలంలో కలలా వచ్చి పోతుంటుంది.

నన్ను చేయించింది నల్లమిల్లి మంగాయమ్మ. భర్త పోయాక ఆమెకూ మరిదికీ పంపకాలు జరిగాయి. బియ్యం మిల్లులవాళ్ల పంపకాల్లో మార్కు కూడా ఒక ఆస్తే. పెద్దమనుషులు మిల్లు ఆమెకిచ్చి, 'జంట చిలకలు' మార్కు మరిదికిచ్చారు. ఆయన మీసాల్లో నవ్వుకుంటూ ఒప్పుకున్నాడు. మార్కు లేని బియ్యం బజారులో ఎవరు కొంటారు? పైగా, ఈ పంట బియ్యం అమ్ముడుపోకపోతే మిల్లు కూడా తనకే రావాలని పదిమందిలో మాట తీసుకున్నాడు.

గుమాస్తా సుబ్బారాయుడు ఒక ఉపాయం చెప్పాడు. "మనమూ రెండు పిట్టల్ని వేయించేద్దామండి. చిలకలు కాకపోతే గోరింకలు. దూరం నుంచి ఎవడు పోల్చుకుంటాడండీ?"

"వద్దులెండి. ఒకళ్ల పిట్టల్ని తెచ్చి మన గూట్లో పెట్టుకోకూడదు" అని మంగాయమ్మ నేరుగా దావూదు దగ్గరికి వచ్చింది.

"చేట కొయ్యి మేస్త్రీ. కాపరానికొచ్చిన మర్నాటి నుంచీ నేను చేసింది బియ్యం చెరగడమే. నాకు తెలిసిన బొమ్మ అదొక్కటే."

"అక్షరాలేమైనా కొయ్యమంటారా అమ్మగారూ?"

"కొనే ఆడోళ్లలో చదువొచ్చినోళ్లెందరున్నారు? బొమ్మ చాలు."

దావూదు మూడు వైపులా అంచులు, పైన తెరిచిన మూతి, లోపల గింజలుగా చుక్కలు కోశాడు. ఉలి జారి చేట అడుగు మధ్యలో కాస్త మొనదేలింది. పర్వాలేదనుకున్నారు. ఏది పైన, ఏది కింద అన్న గుర్తు మాత్రం ఇద్దరూ పెట్టలేదు. చేట ఎటుండాలో లోకానికంతా తెలుసని వాళ్ల నమ్మకం. మనుషుల నమ్మకాలు ఇలాగే ఉంటాయి, ఎవరి చేట వాళ్లకి నిటారుగానే కనబడుతుంది.

మిల్లులో రంగు కొట్టేవాడు పైడయ్య. పడుకోబెట్టిన సంచుల మూతివైపు నిలబడి, నన్ను తన కళ్లకి సరిగ్గా ఉండేట్టు పెట్టి, పాట పాడుకుంటూ లారీ సరుకంతటికీ కుంచె కొట్టేశాడు. లారీ విశాఖపట్నం వెళ్లిపోయాక, మిగిలిన ఒక సంచిని ఎవరో గోడకి నిలబెట్టారు. చేట బోర్లా పడి ఉంది.

మంగాయమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎంత పని చేశావురా పైడయ్యా. గింజలన్నీ పారబోసుకున్నట్టుంది కదరా."

"నాకు సరిగ్గానే కనబడిందండీ, అమ్మగారూ" అన్నాడు పైడయ్య. పాపం, అది అబద్ధం కాదు.

కబురు కోసం ఎదురుచూసిన ఆ రోజుల్ని నేను మరిచిపోలేను. మిల్లు ఆగిపోయింది. ఊక ధూళి గాలిలో మెల్లగా దిగుతుండేది. నన్ను కిటికీలో పెట్టారు. పొద్దెక్కేకొద్దీ నా కంతల్లోంచి ఎండ గింజలు గింజలుగా నేలమీద పడేది. మంగాయమ్మ ఆ వెలుగు గింజల్ని చూస్తూ ఉత్త చేతులు కదుపుతుండేది, చెరుగుతున్నట్టు. నేను ఆమె ఒళ్లో ఉన్నాననుకుని కలలు కనేదాన్ని. రేకుముక్కకి ఇంతకంటే ఏం ఆశలుంటాయి?

చివరికి విశాఖపట్నం షావుకారు ఫోన్ చేశాడు. "అమ్మగారూ, ఆ ఇల్లు మార్కు బియ్యం ఇంకో లారీ పంపండి."

"ఇల్లేంటండీ?"

"అదేనండీ, పైన మొనదేలిన కప్పు, ఇంటి నిండా గింజలున్న బొమ్మ. ఆడోళ్లంతా ఆ సంచే కావాలంటన్నారు. బియ్యం కూడా శుభ్రంగా ఉన్నాయండి."

మంగాయమ్మ ఫోన్ పెట్టేసింది. తర్వాత పైడయ్యని పిలిచింది. "ఒరేయ్, నువ్వెప్పుడూ ఆ పక్కనే నిలబడి కొట్టు. ఇటు రాకు."

మిల్లు నిలిచింది. మరిది చిలకలు ఆయన దగ్గరే ఉన్నాయి. నేను ఎన్ని వేల సంచుల మీద ఇల్లు కట్టానో లెక్కలేదు. సంచులే అచ్చుపడి రావడం మొదలయ్యాక నన్ను మేకుకి తగిలించి మరిచిపోయారు. నేనూ దుమ్ము కప్పుకుని నిద్రపోయాను.

నిద్ర లేపింది నీహారిక. మంగాయమ్మ మనవడు కంపెనీకి కొత్త బ్రాండు, కొత్త లోగో కావాలని హైదరాబాదు నుంచి పిలిపించిన పిల్ల. నన్ను ఓణీ అంచుతో తుడిచి, "ఎంత బాగుందో" అంది. నేను ఆ మాటకి పొంగిపోయాను, దాచడమెందుకు? నన్ను చూసి పండిన వరి రంగులో ఇల్లు గీసింది. నన్ను కొత్త ఆఫీసు కిటికీ ముందు తీగలతో వేలాడదీసి, కింద 'మా తొలి ఇల్లు' అని రాయించింది.

ప్రారంభోత్సవం నాడు మంగాయమ్మని కుర్చీలో తీసుకొచ్చారు. ఈ కప్పు భరోసా అని, ఈ చుక్కలు కుటుంబమని నీహారిక చక్కగా వివరించింది. ముసలామె ఓపిగ్గా విన్నది. "ఓసారి దాన్ని తీసి నా చేతికివ్వమ్మా" అంది.

ఒళ్లో పెట్టుకుని నన్ను తిప్పింది. ఆ వేళ్లు నా అంచుల్ని పట్టుకుని మెల్లగా ఎగరేశాయి, ఒకసారి, మళ్లీ ఒకసారి. కిటికీ ఎండ నాలోంచి దిగి ఆమె చీర మీద గింజలై కదిలింది.

"మామ్మగారూ, తలకిందులుగా పట్టుకున్నారు" అంది నీహారిక.

"అవునమ్మా, తలకిందులే." నన్ను మళ్లీ తిప్పి ఆ పిల్లకే ఇచ్చింది. "ఇల్లు నిలబెట్టే తగిలించు. దాన్ని నమ్ముకుని శానా మంది అన్నం తింటన్నారు."

ఆమె మళ్లీ రాలేదు. వచ్చినవాళ్లంతా నన్ను ఇల్లంటారు, నేనూ కాదనను. కానీ పొద్దున్నే ఎండ వచ్చి నేలమీద గింజలు పరుచుకున్నప్పుడు, చెరిగే చేతుల కోసం చూస్తాను.