తెల్లరంగు దవడ

తనిఖీ బృందం వస్తుందంటే మన కాలేజీలకు తెలిసిన వైద్యం ఒక్కటే, రంగు. గోడకు రంగు, గేటుకు రంగు, చెట్టు మొదలుకు రంగు. బెంజ్ సర్కిల్ దగ్గరి ఆ కాలేజీలో ఈసారి ఎముకలకూ వేయించారు.

జంతుశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ ఉషశ్రీ సోమవారం వచ్చేసరికి మ్యూజియం బీరువాలో పుర్రెలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. వాటి మధ్య ఆమె ఏళ్ల తరబడి నమ్ముకున్న శిలాజం, దవడ ముక్క. లాకర్ అడిగితే బీరువా చాల్లెమ్మన్నారు మరి.

మన అడవుల్లో కుందేలంత మూషిక జింక ఉంటుంది. కొమ్ముల్లేవు, కోరలున్నాయి, నెమరేస్తుంది. కురుపంది అనేవాళ్లూ ఉన్నారు. అది పందీ కాదు, అసలు జింకా కాదు. నెమరేసే జంతువుల్లో అన్నిటికంటే ముందే విడిపోయిన పాత కొమ్మ. దాని బంధువులు చాలా రకాలు ఎప్పుడో అంతరించాయి. ఏ ముక్క ఏ రకానిదో తేల్చడానికి పంటి మీది సన్నని మడత చూడాలి. శివాలిక్ కొండల్లో దొరికిన ఈ ముక్క ఎవరూ పేరు పెట్టని రకానిదని ఉషశ్రీ వాదన. ఫొటోలు నమ్మని చండీగఢ్ శిలాజాల నిపుణుడు, ఓ పెద్దాయన, కళ్లారా చూస్తానని శుక్రవారం వస్తున్నాడు. ఆ మడత నిండా ఇప్పుడు ఆయిల్ పెయింటు.

పెయింటర్ అలీని అడిగింది. ఒక్కటీ వదలొద్దని ప్రిన్సిపాల్ గారే చెప్పారన్నాడు.

"థిన్నర్ పెడితే పోద్ది మేడమ్."

"అతుకులూ పోతాయి అలీ. విరిగితే నేనే జిగురుతో అతికించా."

"మరి వదిలేస్తారా?"

వదిలేస్తే ఏమీ కనపడదు. ఉషశ్రీ దూది తడిపింది. రంగు కదిలింది. దాంతో జిగురు కదిలింది. పన్ను ఆమె అరచేతిలో పిండిలా రాలింది.

పెద్దాయనకు ఫోన్ చేసి రావద్దని చెప్పింది. ఆయన కారణం అడగలేదు. తాను ముందే అనుకున్నానని పెట్టేశాడు.

బృందం వచ్చే పొద్దున ప్రిన్సిపాల్ కిరీటి బీరువా ముందు ఆగాడు.

"పన్నూడిన నోరులా ఉందమ్మా ఈ ఖాళీ. ఏదో ఒకటి పెట్టండి."

"అలాంటిది ఇంకోటి లేదండీ."

"పందో మేకో వాళ్లకేం తెలుస్తది? మీ రెన్యూవల్ కూడా నా బల్ల మీదే ఉంది, చూస్కోండి."

మటన్ కొట్లో మేక దవడ అడిగి తెచ్చింది. ఉడకబెట్టి మాంసం గీకింది. అలీ ఒక కోటు వేశాడు. ముందు పెట్టిన పేరు చీటీ పాతదే.

బృందంలో ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అంతరించిన జంతువుల్ని బాగా భద్రపరిచారని మెచ్చుకున్నాడు. ఉషశ్రీ థాంక్యూ సర్ అంది.

రంగు ఇంకా ఆరలేదు. ఆయన వేళ్లకు అంటింది. ఆమె థిన్నర్‌లో దూది తడిపి అందించింది.