అడుగులావిడ చెప్పుల పెట్టె

పొద్దున్నే పాలు కాచాక అత్తగారు కోడలి వీపు వెనక రెండు దిళ్ళు దోపి, ఆ చచ్చుబడ్డ అరికాళ్ళకి నూనె మర్దనా చేసి, జావ గిన్నె చేతికిచ్చి, టీవీ పెట్టేది. జావ తాగినంతసేపూ పాటలు. గిన్నె కడిగొచ్చాక సినిమా. భోజనమయ్యాక ఓ కునుకు, లేచాక రేడియో. డాక్టరు రాసిన మాత్రల మీద కన్నా ఈ వరస మీదే ఆవిడకి గురి ఎక్కువ.

"నవ్వులాట సినిమా చూస్తే నరాలు వదులవుతాయమ్మాయ్. ఏడుపు సినిమా చూసినా మంచిదే, లోపలి బరువు దిగుతుంది" అనేది.

"నరాలు వదులయ్యే కదా మంచమెక్కాను. ఇంకా వదులు చెయ్యకండి అత్తయ్యా" అనేది కోడలు.

అని ఊరుకునేది కాదు. జావ చల్లారిందనీ, టీవీ గొంతు పెద్దదైందనీ, ఫ్యాను చప్పుడు చేస్తోందనీ అందరి మీదా విసుక్కునేది. ఎందుకు విసుక్కోదు? కాళ్ళే ఆవిడ బతుకు. ఆ కాళ్ళే పడిపోయాయి.

వీధిలో అందరూ ఆవిణ్ణి అడుగులావిడ అంటారు. సినిమాలో మనుషులు నడుస్తుంటే వినబడే చప్పుడుంటుందే, అది ఆవిడది. షూటింగు జరిగేటప్పుడు నడక చప్పుడు సరిగ్గా పడదు. తరవాత స్టూడియో గదిలో తెర మీద బొమ్మని చూస్తూ, ఆ మనిషి కాలు కింద పడిన క్షణానికి తన కాలూ కింద వెయ్యాలి. ఇసుకకి ఒక తొట్టి, గులకరాళ్ళకి ఒక తొట్టి, చెక్క పలక, పాలరాతి పలక. ఇన్‌స్పెక్టరు నడిస్తే లావు బూట్లు, దొరసాని నడిస్తే ఎత్తు మడమల చెప్పులు, దొంగ నడిస్తే గుడ్డ జోళ్ళు. అవన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆవిడే నడిచింది. చచ్చేవాళ్ళకీ నడిచింది, చంపేవాళ్ళకీ నడిచింది. తెర మీద మాత్రం ఆవిడ పేరు ఒక్కసారీ పడలేదు. ఓ సినిమా చివర హీరోగారి కుక్కకి కృతజ్ఞతలు చెప్పారు. ఆ రోజు ఆవిడ ఇంటికొచ్చి గిన్నెలన్నీ రెండుసార్లు తోమింది.

అలాంటి మనిషికి జ్వరం వచ్చింది. పోతూ పోతూ కాళ్ళలో సత్తువంతా ఊడ్చుకుపోయింది. డాక్టరు మోకాలి మీద సుత్తితో కొట్టి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టండి" అన్నాడు. భర్త సరుకుల ఓడలో వంటవాడు, నీళ్ళ మీదున్నాడు. ఆయనా ఫోన్లో "ఓపిక పట్టు" అన్నాడు. ఆ మాట వింటే చాలు, ఆవిడ ఒళ్ళు మండేది.

మూడోసారి ఆ మాటన్నది స్టూడియో పెద్దాయన. ఆపిల్ పళ్ళ సంచీతో వచ్చి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వేం బెంగ పెట్టుకోకమ్మా. నువ్వేసిన అడుగులన్నీ మా కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. ఏది కావాలంటే అది తీసి అతికించేసుకుంటాం. పని ఆగదు. నువ్వు హాయిగా పాటలు విను, సినిమాలు చూడు. ఓపిక పట్టు."

"ఎన్నాళ్ళు సార్?"

"ఎన్నాళ్ళైనా" అన్నాడు, ఏదో వరమిస్తున్నట్టు.

మర్నాడు ఆయన డ్రైవరు వచ్చి రేకు పెట్టె గుమ్మంలో దించాడు. "గది ఖాళీ చేస్తున్నారండీ. మీ చెప్పులు మీకిచ్చి రమ్మన్నారు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"చూశావా! ఏరు దాటి తెప్ప తగలేశాడు" అంది అత్తగారు.

అడుగులావిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అరికాళ్ళకి వేడి తెలియదు, చల్లన తెలియదు, గిచ్చితే తెలియదు. ఆ మంట మాత్రం బాగా తెలిసింది. ఆపిల్ పళ్ళు తీసుకెళ్ళి వీధిలో ఎవరికైనా ఇచ్చేయమంది. అత్తగారు పెట్టెని మంచం కిందకి తోసి, పళ్ళు మాత్రం దాచుకుంది. పళ్ళేం పాపం చేశాయి?

ఆ వారమే మొదలైంది. టీవీలో పాత సినిమా వస్తోంది. ఇన్‌స్పెక్టరు పొడుగాటి వసారాలో నడిచొస్తున్నాడు, టక్కు టక్కు మని. సగం దూరం వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది. మనిషి నడుస్తూనే ఉన్నాడు, నోరు మెదిపితే మాటా వినబడుతోంది, అడుగే లేదు. ఆ టక్కు టక్కు ఇప్పుడు వీళ్ళ మెట్ల మీద వినబడింది. ఒక్కో మెట్టే ఎక్కి, గుమ్మం దగ్గర ఆగింది.

చెప్పులున్న చోటికే కదా అడుగులొచ్చేది. అత్తగారు లేచి తలుపు తీసి పక్కకి జరిగింది. "గడప దగ్గర తడిగా ఉంది, చూసుకుని రండి" అంది. అడుగులు లోపలికొచ్చి, గదంతా ఒకసారి పచారు చేసి, మంచం కిందకి పోయి పెట్టెలో బూట్లలో సద్దుకున్నాయి. అత్తగారు తలుపు గడియ పెట్టి, మళ్ళీ సినిమా ముందు కూర్చుంది.

తరవాత ఏ సినిమా పెట్టినా అంతే. దొరసాని అడుగులొచ్చాయి, దొంగ అడుగులొచ్చాయి, వానలో పరిగెత్తిన కాలేజీ పిల్ల అడుగులు నేలంతా తడి చేస్తూ వచ్చాయి. కింద వాటాలో ఉండే టైలరు ఓ రోజు పైకొచ్చాడు.

"పిన్నిగారూ, మీ కోడలి అడుగులేవో మా గుమ్మంలో నిలబడిపోయాయండీ. ఎత్తు మడమలవి. నా మిషన్ చప్పుడుకి బెదిరినట్టున్నాయి, కాస్త పిలవండి."

"వస్తున్నా నాయనా. పొద్దుటినుంచీ ఒక జత తక్కువైందేమిటా అనుకుంటున్నా" అని అత్తగారు కిందకెళ్ళి తోలుకొచ్చింది.

అత్తగారికి ఇల్లు సందడిగా ఉంది. అడుగులావిడకి ఒళ్ళు మండిపోతోంది. అడుగులు పెట్టెలో ఒక్క గంట కుదురుగా ఉండవు. కిటికీ దాకా వెళ్తాయి, వంటింట్లోకి వెళ్తాయి, వీధి చూసొస్తాయి. ఆవిడ మూత్రానికి లేవాలన్నా అత్తగారు చంకలో చెయ్యేసి లేపాలి. తన నడకేమో తనని వదిలేసి ఇంటినిండా షికారు చేస్తోంది!

"నిలబడండి ఒకచోట!" అని ఓ రోజు జావ చెంచా విసిరికొట్టింది. అడుగులన్నీ ఠక్కున ఆగాయి. "సిగ్గులేదూ? మిమ్మల్ని కన్నది నేను! నా కాళ్ళు ఇక్కడ చచ్చి పడుంటే మీరు ఊరేగుతున్నారా? నేను నడవకపోతే నేనెవర్ని? ఈ మంచానికి ఐదో కోడునా?"

కోపమంతా అయ్యాక ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు మళ్ళీ కోపమొచ్చింది. అత్తగారు చెంచా తీసి కడిగి, రేడియో గొంతు పెంచింది. ఏదో హుషారు పాట వస్తోంది. బూట్లు ముందు తాళం అందుకున్నాయి. ఎత్తు మడమలు చుట్టూ తిరిగాయి. దొంగ జోళ్ళు కూడా మూలనుంచి మెల్లగా వచ్చి కలిశాయి. పాటకి తాళం తప్పే అడుగు ఆవిడ జన్మలో వెయ్యలేదు మరి. కళ్ళు తుడుచుకోకుండానే ఆవిడ వేళ్ళు పరుపు మీద దరువు వేశాయి.

"నచ్చింది కదూ?" అంది అత్తగారు.

"నచ్చలేదు. ఇంకొంచెం పెంచండి."

మర్నాడు అత్తగారు బజారుకెళ్ళినప్పుడు ఆవిడ పెట్టె లాక్కుంది. ఇన్‌స్పెక్టరు బూట్లు కాళ్ళకి తొడుక్కుని, మంచం పట్టె పట్టుకుని లేచింది. బూట్లలో అడుగులకి ఆగటం తెలియదు. ఒక్క అంగలో ఆవిణ్ణి గోడ దాకా ఈడ్చుకెళ్ళి పారేశాయి. అక్కడే కూర్చుని పళ్ళు బిగించి ఎత్తు మడమలు తొడిగింది. ఈసారి పక్కకి పడింది. అత్తగారు తిరిగొచ్చేసరికి చుట్టూ చెప్పులు, మధ్యలో కోడలు, నుదుటి మీద బొప్పి.

"పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారులే" అంది అత్తగారు లేవదీస్తూ.

"ఇప్పుడు సామెతలు చెప్పారంటే చంపేస్తాను!"

"చంపుదువుగానీ ముందు లే."

ఆ తరవాత ఆవిడ టీవీ వద్దంది. రేడియో వద్దంది. గోడవైపు తిరిగి పడుకుంది. అలా రెండు మూడు రోజులు చూసి అత్తగారికి చిర్రెత్తుకొచ్చింది.

"నాకు చూడాలనుంది. ఇది నా కొడుకు కొన్న టీవీ. నీకు ఇష్టం లేకపోతే చెవులు మూసుకో" అని తనకిష్టమైన సినిమా ఒకటి పెట్టింది. అందులో తల్లి చెయ్యి వదిలేసిన చంటిది, కిటికీ దగ్గర కూర్చున్న తాత దాకా మొదటిసారి నడుస్తుంది. తప్, తప్, తప్.

అడుగులావిడ ఇటు తిరిగింది. ఆ చప్పుడు ఆవిడకి బాగా గుర్తు. ఎంత మెల్లగా వేసినా తన కాలు పెద్ద మనిషి కాలులాగే పలికింది ఆ రోజు. అవతల స్టూడియో పెద్దాయన విసుక్కుంటున్నాడు. చివరికి నేల మీద చతికిలబడి, అరచేతులు తడి చేసుకుని, మడమకి బదులు మణికట్టు ముందు ఆన్చి, చేతులతో నడిచింది. ఆవిడ వేసిన అడుగులన్నిట్లోకీ చేత్తో వేసినవి అవే.

తెర మీద చంటిదాని చప్పుడు ఆగింది. మెట్ల మీద మొదలైంది. పాపం, పసి అడుగులు. ఒక మెట్టెక్కి చతికిలబడతాయి. మళ్ళీ లేస్తాయి. సినిమా అయిపోయింది, వార్తలూ అయిపోయాయి, ఇంకా సగం మెట్ల దగ్గరే ఉన్నాయి. చివరికి టైలరే మిషన్ ఆపి, చెయ్యిచ్చి పైదాకా ఎక్కించి వెళ్ళాడు.

లోపలికొచ్చి పెట్టె దగ్గరికెళ్ళాయి. వాటికి చెప్పుల్లేవు కదా, ఎక్కడికని పోతాయి? కాసేపు పెట్టె చుట్టూ తచ్చాడి, దుప్పటి పట్టుకుని మంచమెక్కి, తప్ తప్ మంటూ వచ్చి ఆవిడ రెండు అరచేతుల్లో కూర్చున్నాయి. చేతులు వెచ్చబడ్డాయి. ఆవిడ ఏమీ ఆలోచించలేదు. ముందుకి వంగి, అత్తగారు రోజూ నూనె రాసే చోట, తన అరికాళ్ళకి తన అరచేతులు గట్టిగా ఆన్చింది. వెచ్చదనం దిగింది. కాలి బొటనవేలు కదిలింది.

"అత్తయ్యా! నూనె చల్లగా ఉంది!"

"రోజూ అంతే చల్లగా ఉంటుంది. నీకిప్పుడు తెలిసింది" అని అత్తగారు మొహం కొంగుతో తుడుచుకుంది.

అప్పటినుంచి గదిలో తప్పటడుగులు. రెండు వేసి మంచం, మూడు వేసి కుర్చీ. కింద పడితే తిట్టేది, లేస్తే తిట్టేది. కానీ లేచేది.

స్టూడియో పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చింది అప్పుడే. ఈసారి పళ్ళు లేవు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కొంప మునిగిందమ్మా! కంప్యూటర్లో ఒక్క అడుగు లేదు. కొత్త సినిమాలో హంతకుడు బూట్లేసుకుని చప్పుడు లేకుండా మేడ దిగుతుంటే హాలంతా ఒకటే నవ్వు! తప్పు నాదే. చెప్పులు పంపిస్తే అడుగులూ పోతాయని నాకు తట్టలేదు. ఆ పెట్టె ఇలా ఇచ్చెయ్."

"పెట్టెనా?" అంది ఆవిడ.

"నువ్వెలాగూ నడవలేవు. నీకెందుకవి? పైగా అవి స్టూడియో సొత్తు" అని, జవాబు కోసం చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందకి వంగి పెట్టె పట్టుకుని లాగాడు. ఇంచీ కదల్లేదు. కదులుతుందా? అన్నేళ్ళ నడక ఉంది అందులో.

"సొత్తా?" ఆవిడ అరుపుకి కింద టైలరు మిషన్ ఆగింది. "బొబ్బలెక్కినప్పుడు ఎవరి కాళ్ళవి? జ్వరంతో కూడా మీ హంతకుడికి మేడ దిగిపెట్టానే, అప్పుడెవరి సొత్తు? నేను మంచంలో ఉంటే వారం తిరక్కుండా నా చెప్పులు గుమ్మంలో పారేయించారు. మనిషి పోయినా పదో రోజు దాకా ఆగుతారు సార్!"

పెద్దాయన కాళ్ళబేరానికి వచ్చాడు. "కోప్పడకమ్మా. ఏం కావాలో చెప్పు."

ఆవిడ దుప్పటి తీసి అవతల పడేసింది. కాళ్ళు కిందకి దించింది. లేచి నిలబడింది. తప్. తప్. మంచం పట్టె వదిలేసి, తూలుతూ, తలుపు దాకా నడిచి, తలుపు పట్టుకుని ఇటు తిరిగింది. పెద్దాయన మోకాళ్ళ మీదే ఉండిపోయాడు.

"నేను వస్తాను. నేనొస్తేనే పెట్టె కదులుతుంది. నేను మానేసిన రోజు ప్రతి అడుగూ నాతోపాటు ఇంటికొచ్చేస్తుంది. తెర మీద నా పేరు పడాలి. కుక్క కన్నా పైన. ఇప్పుడెత్తండి."

"డ్రైవర్ని పిలుస్తాను..."

"డ్రైవరు కాదు. మీరు."

ఆయన మళ్ళీ పట్టుకున్నాడు. పెట్టె లేచింది, మూలుగుతూ ఆయనా లేచాడు. "నెత్తిన పెట్టుకోండి బాబూ, నడుం పట్టేస్తుంది" అని అత్తగారు ఒక పాత తువ్వాలు చుట్టకుదురు చేసి మరీ ఇచ్చింది. వాళ్ళు గుమ్మం దాటగానే రేడియో గొంతు బాగా పెంచింది.

ముందు పెద్దాయన, వెనక గోడ పట్టుకుని ఆవిడ. చంటిపిల్లల నడక కదా, ఒక మెట్టు దిగుతుంది, ఆగుతుంది. ఆయన గబగబా నాలుగు మెట్లు దిగబోయాడు. ఆవిడ ఆగిన చోటే పెట్టె బరువెక్కి ఆయన్నీ ఆపేసింది. టైలరు మెడలో టేపుతో గుమ్మంలోకొచ్చి, ఆయనకి దారిచ్చి, ఆవిడకి నమస్కారం పెట్టాడు. ఆయన చొక్కా తడిసిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి.

"అమ్మా, ఇంకా ఎంతసేపు?"

అడుగులావిడ మెట్టు మీద తీరిగ్గా చతికిలబడింది. అరికాళ్ళకి గచ్చు చల్లగా తగిలింది.

"ఓపిక పట్టండి" అంది.

పట్టాడు. పట్టక ఛస్తాడా.