గంపలగూడెం ఆటో ఎప్పుడు బయలుదేరుతుంది

ఓపెన్ డేటా అంటే ఏమిటో మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ మా నాన్న జానీబాషా శ్రద్ధగా వినేవాడు, అంతా అర్థమైనట్టు తల ఊపేవాడు, చివర్లో మళ్ళీ మొదటి ప్రశ్నే అడిగేవాడు.

"అంటే నువ్వు ఎండలో నిలబడి రాస్తావు. రాసింది వాళ్ళు నెట్‌లో పెడతారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. అంతేనా?"

"అంతే నాన్నా."

"మరి నీకు జీతం ఎవడిస్తాడు?"

"సంస్థ ఇస్తుంది. వాళ్ళకి యూనివర్సిటీల నుంచి, ట్రస్టుల నుంచి నిధులొస్తాయి."

"యూనివర్సిటీ వాళ్ళకి మన తిరువూరు ఆటోలతో ఏం పని?"

వంటింట్లోంచి మా అమ్మ అబీదా అందుకుంది. "డేటా అంటే రోజుకి ఒకటిన్నర జీబీ వస్తుందే, అదేనా? అది అయిపోయిందనేగా మీ నాన్న నిన్న నా మీద అరిచింది?"

నేను అన్నం కలుపుకున్నాను. డిగ్రీ అయ్యి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో నేను రాసిన పరీక్షల పేర్లన్నీ నాన్నకి నోటికొచ్చు. సచివాలయం, పోలీసు, పోస్టాఫీసు, బ్యాంకు. అవేవీ రాలేదు. ఇది వచ్చేలా ఉంది. విజయవాడలో ఒక చిన్న సంస్థ పల్లెటూళ్ళ రవాణా వివరాలు సేకరించి అందరికీ అందుబాటులో పెడుతోంది. ఏ ఊరికి ఆటో ఎక్కడ దొరుకుతుంది, ఎంతసేపు ఆగాలి, ఎంతమందితో వెళ్తుంది, చివరి ఆటో ఎప్పుడు, ఇవన్నీ. వాటిని చూసి ఎవరో మ్యాపు తయారు చేస్తారు, ఇంకెవరో బస్సు కావాలని అర్జీ పెడతారు, ఆసుపత్రి వాళ్ళు క్యాంపు ఎప్పుడు పెట్టాలో చూసుకుంటారు. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు తర్వాత పత్రికల్లోనూ పెద్ద సంస్థల్లోనూ ఇదే పని మీద స్థిరపడ్డారని ఇంటర్వ్యూ చేసిన వేదశ్రీ గారు చెప్పారు. ఉన్నది ఒక్క పోస్టు. చివరి పరీక్షగా మీ ఊళ్ళో ఏదో ఒక దారి ఎంచుకుని అయిదు పనిరోజుల వివరాలు పంపమన్నారు. శనివారం గడువు.

నేను గంపలగూడెం దారి ఎంచుకున్నాను. ఆ ఆటోలు మా నాన్న పెద్దగా ఉన్న స్టాండువే. ఎవరూ అడ్డు చెప్పరు కదా అనుకున్నాను. అనుకోవలసింది కాదు.

సోమవారం పొద్దున్నే టీ కొట్టు పక్కన నిలబడ్డాను. షేర్ ఆటోకి టైమంటూ ఉండదు, నిండితే కదులుతుంది. అది అందరికీ తెలిసిందే. కానీ నిండడం అనేది చూస్తూ రాయడం ఎంత చికాకో నిలబడ్డాకగాని తెలియలేదు. ఖాళీ ఆటో ఎవరూ ఎక్కరు. ఇది ఇంకెప్పుడు కదులుతుందిలే అని పక్కకి వెళ్ళిపోతారు. అందుకని వరసలో వెనకున్న డ్రైవర్లు వచ్చి ముందు ఆటోలో ప్రయాణికుల్లాగా కూర్చుంటారు. ఒకరు ఒళ్ళో సంచీ కూడా పెట్టుకుంటారు. అసలు మనుషులు ఎక్కుతున్నకొద్దీ వీళ్ళు ఒక్కొక్కరే దిగి జారుకుంటారు. ఈ విద్యలో గిరిబాబుని మించినవాడు లేడు. కిటికీ లేని ఆటోలో కూడా కిటికీలోంచి చూస్తున్నట్టు కూర్చుంటాడు. మధ్యాహ్నానికి నేను రాసుకున్నది చూసుకుంటే గిరిబాబు ఒక్కడే అయిదుసార్లు గంపలగూడెం వెళ్ళాడు. స్టాండు దాటింది మాత్రం లేదు.

అంతా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరు ఎక్కారో కాదు, ఆటో కదిలినప్పుడు లోపల ఎవరున్నారో లెక్కపెట్టాను. సోమ, మంగళవారాలు అలా గడిచాయి. రెండు రోజుల్లో తేలింది ఏమిటంటే మొదట ఎక్కిన మనిషి ముప్పావుగంట కూర్చోవాలి. వానపడితే ఇంకా ఎక్కువ.

మంగళవారం రాత్రి నాన్న నా ఫోనులో అది చూశాడు.

"ఇదేంటి ముప్పావుగంట? ఇది విజయవాడ పంపిస్తావా?"

"పంపించాలి."

"ఇది చూసి నీకు ఉద్యోగం ఇస్తారా? ఇంత అధ్వాన్నంగా ఉంటే?"

"ఆటోలు బాగా నడిచాయా అని కాదు నాన్నా, నేను సరిగ్గా రాశానా అని చూస్తారు."

ఆయన తల ఊపాడు. శ్రద్ధగా విన్నాడు కూడా. ఆ తల ఊపడం చూసైనా నాకు అనుమానం రావలసింది.

బుధవారం నేను వెళ్ళేసరికి ఏసోబు ఆటో కదులుతోంది. లోపల నలుగురే ఉన్నారు. పావుగంటకి ఇంకొకటి కదిలింది. దాంట్లో ముగ్గురు. ఆ తర్వాత గిరిబాబు ఒకే ఒక ముసలమ్మని ఎక్కించుకుని, హారన్ కొట్టి మరీ, పెళ్ళికూతురిని తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్ళాడు. ఏదో ఊళ్ళో తిరునాళ్ళ ఉందేమో అనుకున్నాను. గురువారం అలాగే జరిగింది. శుక్రవారమూ అంతే. నేను నమ్మలేకపోయినా కళ్ళముందు జరిగింది రాశాను.

శుక్రవారం సాయంత్రం కమలాంబ టీచర్ గంపలగూడెం నుంచి వచ్చి ఆటో దిగారు. ఆవిడ ఆ దారిలో ఒక స్కూల్లో పనిచేస్తారు, ఏళ్ళ తరబడి ఇవే ఆటోలు.

"అమ్మాయ్, నువ్వు నిలబడ్డ వేళావిశేషం ఏంటో గానీ, మూడు రోజులుగా రైళ్ళలాగా వెళ్తున్నాయే!" అన్నారు. "సోమవారం నుంచి నేను అరగంట ఆలస్యంగా బయలుదేరతాను. పొద్దున్నే ఆ పరుగులు తప్పుతాయి. మా స్టాఫుకి కూడా చెప్పాను."

ఆవిడ అటు వెళ్ళగానే నేను ఏసోబు దగ్గరికి వెళ్ళాను.

"ఏసోబు మావా, నిజం చెప్పు. ఏం జరుగుతోంది?"

ఏసోబు సీటు తుడుస్తూ నవ్వాడు. "నీకెందుకు పాపా, రాసుకో. మీ నాన్న చెప్పాడు. పావుగంటకొకటి వదలాలి, ఎక్కువమందిని ఎక్కించకూడదు. పాప ఉద్యోగం రావాలా వద్దా అన్నాడు. రావాలనే అన్నాం అందరం. డీజిల్ మాది, పేరు నీది."

"మూడు రోజులూ?"

"శనివారం కూడా చేస్తాం కావాలంటే. గిరిబాబు ఇంట్లో గొడవవుతోంది, అయినా చేస్తాడు."

కోపం ఎవరి మీద చూపించాలి? నా కోసం సొంత డీజిల్ కాల్చుకున్నవాళ్ళ మీదా?

ఇంటికొచ్చి నాన్నని అడిగితే ఆయనకి నేనెందుకు అడుగుతున్నానో కూడా అర్థం కాలేదు.

"అబద్ధం ఏముంది దాంట్లో? ఆటోలు వెళ్ళాయా లేదా?"

"వెళ్ళాయి."

"టైముకి వెళ్ళాయా లేదా?"

"వెళ్ళాయి నాన్నా, కానీ..."

"నువ్వు చూశావు. చూసిందే రాశావు. ఇంక కానీ ఏంటి?"

ఆ 'కానీ' ఏంటో రాత్రంతా వెతుక్కున్నాను. నేను రాసినదాంట్లో ఒక్క అంకె తప్పు లేదు. పంపిస్తే ఎవరూ పట్టుకోలేరు. ఉద్యోగం వస్తుంది. సోమవారం మాత్రం కమలాంబ టీచర్ అరగంట ఆలస్యంగా వచ్చి నిండని ఆటోలో కూర్చుంటారు. ఆవిడ ఒక్కరు కాదు, నెట్‌లో అది చూసిన ప్రతివాళ్ళూ అలాగే వచ్చి కూర్చుంటారు.

శనివారం పొద్దున వేదశ్రీ గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకుంటున్నారేమో అనిపించింది.

"ఆ మూడు రోజులూ తీసేయండి షమా. మామూలు రోజులు ఇంకో మూడు కావాలి. వచ్చే గురువారం సాయంత్రం దాకా ఆగుతాను. జగ్గయ్యపేట నుంచి ఇంకో అమ్మాయి ఇప్పటికే అంతా పంపేసింది. గురువారం దాటితే నా చేతుల్లో ఉండదు."

ఆ సాయంత్రమే స్టాండుకి వెళ్ళి అందరికీ నమస్కారం పెట్టి మరీ చెప్పాను. నా కోసం ఏమీ చేయొద్దు, ఎప్పుడూ ఎలా ఉంటారో అలాగే ఉండండి అని. అందరూ సరేనన్నారు.

సోమవారం ఎవరూ కదల్లేదు.

గంటయింది. ఆటో నిండిపోయి మనుషులు బయటికి వేలాడుతున్నా ఏసోబు స్టీరింగు పట్టుకుని నావైపే చూస్తున్నాడు.

"వెళ్ళనా పాపా?"

"నన్నెందుకు అడుగుతావు మావా?"

"ఎప్పటిలాగా ఉండమన్నావుగా. ఎప్పటిలాగా అంటే ఇప్పుడు వెళ్ళాలా, ఇంకాసేపు ఉండాలా?"

లోపలినుంచి ఒకావిడ అరిచింది. "ఏందయ్యా ఈ నాటకం! ఆ పిల్ల పర్మిషన్ ఇస్తేగాని బండి కదలదా?"

గిరిబాబు ఇంకో ఆటోలో ఎక్కి కూర్చుని, నన్ను చూసి, ఠక్కున దిగి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఎక్కాడు. "ఎప్పుడూ ఎక్కుతానుగా?" అన్నాడు నాతో. కమలాంబ టీచర్ అరగంట ఆలస్యంగానే వచ్చి, ఆ నిండిన ఆటో వెనక ఇంకో ఖాళీ ఆటోలో కూర్చుని, గడియారం వైపూ నావైపూ మార్చి మార్చి చూస్తున్నారు. ఇంతలో నాన్న వచ్చాడు.

"ఏమ్మా, ఇప్పుడు బాగుందా? మరీ ఎక్కువసేపు ఆపుతున్నారా? కొంచెం తగ్గించమంటావా?"

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. స్టాండులో నా గొంతు అంతకుముందు ఎవరూ విని ఉండరు.

"నువ్వు ఏమీ చేయొద్దు నాన్నా! అసలు నా జోలికే రావద్దు! నువ్వు చేసిన సాయానికి వచ్చే ఉద్యోగం పోయేలా ఉంది. ఇంక నన్ను వదిలెయ్!"

టీ కొట్టు దగ్గర జనం కూడా ఇటు తిరిగారు. నాన్న ముఖం చూడలేకపోయాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు.

"విన్నారుగా," అన్నాడు డ్రైవర్లతో. "ఇవ్వాళ్టి నుంచి ఆ పిల్లెవరో మనకి తెలియదు. ఎవరి బండి వాళ్ళు చూసుకోండి."

మంగళవారం నేను వెళ్తే నా ముఖం ఎవరూ చూడలేదు. రోజూ టీ తాగమనే ఏసోబు, "కాస్త పక్కకి జరగండమ్మా, ప్యాసింజర్లకి అడ్డం," అన్నాడు. నన్ను అండీ అని పిలిచాడు. గిరిబాబు నావైపు వీపు పెట్టి, ఎవరిదో సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు ఆటోలో కూర్చున్నాడు. ఇద్దరు ఎక్కగానే దిగి జారుకున్నాడు. "ఇంకొక్కరు, ఒక్కరైతే వెళ్ళిపోదాం" అంటూ ఆ ఒక్కరి తర్వాత ఇంకో నలుగురిని ఎక్కించారు. మొదటెక్కిన ముసలాయన తిట్టి తిట్టి అలిసిపోయి నిద్రపోయాడు. అచ్చం ఎప్పటిలాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రాసుకున్నాను, ఎందుకంటే ఇంతకంటే మంచి వివరాలు నాకు దొరకవు.

బుధ, గురువారాలు కూడా అలాగే అలిగారు. స్టాండంతా ఒక్క మాట మీద ఇంత నిజాయితీగా అలగగలదని నాకు తెలియదు. ఇంట్లో నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఏం కావాలన్నా అమ్మతో చెప్పించేవాడు. "నీళ్ళ చెంబు ఇటు జరపమను." చెంబు నా చేతికి దగ్గరగా ఉండేది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, నా దగ్గర తీసుకుని, ఆయనకిచ్చి వెళ్ళేది. "మీ ఇద్దరి మధ్యలో నాకు కాళ్ళు పోతున్నాయి," అని గొణిగేది.

గురువారం సాయంత్రం అంతా సరిచూసి పంపించాను. తీసేసిన రోజుల గురించి కూడా ఒక వాక్యం రాశాను. ఆ రోజుల్లో సేకరించే మనిషికి సాయం చేయడానికి ఆటోలను ప్రత్యేకంగా నడిపారు కాబట్టి అవి లెక్కలోకి తీసుకోలేదు అని. ఎవరి పేరూ రాయలేదు.

శనివారం మధ్యాహ్నం వేదశ్రీ గారు ఫోన్ చేశారు. ఒకటో తారీఖున చేరమన్నారు. మొదటి ఆరు నెలలు తిరువూరు చుట్టుపక్కల మండలాలే నావి. ఆ వాక్యం చదివాకే మా వాళ్ళు మీ వైపు మొగ్గారు అని కూడా అన్నారు.

అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. తర్వాత, ఆయనకి వినబడదేమో అన్నట్టు, పక్కనే ఉన్న నాన్నతో చెప్పింది. "పిల్లకి ఉద్యోగం వచ్చిందంట."

నాన్న కాసేపు ఫ్యాను వైపు చూశాడు. "మన స్టాండు గురించి ఏం రాసి పెట్టిందో చూపించమను."

అమ్మ మధ్యలోకి రాకముందే నేను ఫోను ఆయన చేతికిచ్చాను. సంస్థ వాళ్ళు అప్పటికే పేజీ పెట్టారు. తిరువూరు నుంచి గంపలగూడెం, సగటున ముప్పావుగంట ఆగాలి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కిందికీ పైకీ జరుపుతూ చాలాసేపు చదివాడు. తిడతాడనుకున్నాను.

"ఇది ఎవరైనా చూడొచ్చా?"

"ఎవరైనా చూడొచ్చు."

"గంపలగూడెంలో స్టాండు ఉంది. వాళ్ళు గంటసేపు ఆపుతారు. మా మనుషుల్ని కూడా లాక్కుంటారు. వాళ్ళది ఏదీ ఇందులో?"

"వాళ్ళది ఇంకా రాయలేదు నాన్నా."

"ఎందుకు రాయలేదు? మేమొక్కళ్ళమే దొరికామా నీకు?" ఆయన గొంతు పెరిగింది. అయిదు రోజుల తర్వాత నాతో నేరుగా మాట్లాడుతున్న సంగతి కూడా ఆయనకి గుర్తులేదు. "సోమవారమే వెళ్ళి రాయి. విస్సన్నపేట వాళ్ళది కూడా రాయి. ఒక్కళ్ళనీ వదలొద్దు!"